పది ఆటలు

లేవార్డెన్‌లో కాలువ గడ్డకట్టిన వారం
వీబె హూక్‌స్ట్రా తన చదరంగం ప్రోగ్రాంలో
ఒకే ఒక్క అంకె మార్చాడు.
రెండు శకట్లూ బతికుంటే ఎంత బలమో చెప్పే అంకె.
ముప్పై ఉన్నచోట నలభై ఐదు.

రాత్రంతా పాతదానితో కొత్తది ఆడింది.
తెల్లారేసరికి ఆరున్నర, మూడున్నర.
బేకరీ తలుపు తీయకముందే వెళ్లి నిలబడి
గులాబీ పూత పూసిన ఆరెంజ్ కేకు తెచ్చాడు.
ముక్కలు కోస్తూ ఏడో ఆట గురించే చెప్పాడు,
ముప్పై ఒకటో ఎత్తులో
మూలనున్న శకటు ఎలా మేలుకుందో.

షౌక్యెది పాల ల్యాబ్‌లో ఉద్యోగం.
ఇరవై రెండేళ్లుగా ట్యాంకర్లోంచి గరిటెడు తీసి
వెన్న శాతం రాస్తున్న చెయ్యి.
కలపకుండా పైన ముంచితే అంతా మీగడే అంటుంది గరిటె,
అడుగున ముంచితే నీళ్లంటుంది.
అబద్ధమాడదు పాపం,
ట్యాంకర్ సంగతి దానికి తెలీదంతే.

కేకు తింది. బాగుందంది.
"ఈ రాత్రి కొత్తదాన్ని కొత్తదానితోనే ఆడించు.
అచ్చం అదే. రెండు కాపీలు. పది ఆటలు."

మర్నాడు
ఏడు, మూడు.

వీబె తెరముందు చాలాసేపు కూర్చున్నాడు.
తనను తానే చిత్తు చేసుకున్నదానికి
కేకు ఎటువైపు పెట్టాలి?

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం మనం.
నిజమే, ఒకే మంట మీద, ఒకే ఎసట్లో
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉడికిన మెతుకులు అవి.
ఆట అలా కాదు.
ప్రతిదీ వేరే కుండ, వేరే పొయ్యి,
ఒక బంటు గడి ముందు ఆగితే
అన్నం కాస్తా అంబలి.

ఆటకి పది నిమిషాల చొప్పున
నాలుగు వారాలు వదిలేశాడు.
కంప్యూటర్ వేడికి ఆ గదిలో హీటరు అక్కర్లేకపోయింది.
ఆధిక్యం సబ్బుబిళ్లలా అరుగుతూ వచ్చింది.
కాలువలో మంచు కరిగింది, బాతులు దిగాయి.
నాలుగువేల ఆటలు.
రెండువేల పందొమ్మిది,
పంతొమ్మిదివందల ఎనభై ఒకటి.

"ఇంతేనా?"
"అదైనా ఉందో లేదో," అంది షౌక్యె.
తప్పుకీ ఒక వెడల్పుంటుంది.
ఈ ముప్పై ఎనిమిదీ
అందులో కాళ్లు చాపుకుని పడుకోగలదు.

నలభై ఐదుని అతను మార్చలేదు.
పక్కన మాత్రం ఒక మాట రాసుకున్నాడు: తెలీదు.
ఏడో ఆట కాగితం ఫ్రిజ్ మీద
అయస్కాంతం కింద అలాగే ఉంది.
దాని పక్కనుంచి తలుపు తీసి
షౌక్యె పాలడబ్బా అందుకుంది,
అలవాటుగా రెండుసార్లు ఊపి
కాఫీలో పోసింది.