రాతికిందివాడు

నిన్ను నూట పద్నాలుగు సార్లు చంపాను.
పెన్సిల్ గీత వేరొకరిది, సిరా నాది.
పేజీకి పదకొండు డాలర్లు.
నీ చావుకి విడిగా ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

హాల్‌స్టెడ్ వీధిలో మూడో అంతస్తు,
కింద రొట్టెల బట్టీ, పైన పావురాలు,
కిటికీ సందుల్లోంచి షికాగో కబేళాల వాసన.
మొన్న నెలలోనే సరస్సులో మునిగినవాడివి
ఒళ్ళైనా తుడుచుకోకుండా
మళ్ళీ నా బల్ల మీద.

"వాడెలా బతికాడు?
పడిపోవడం నా కళ్ళతో చూశాను"
డలూత్ నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు.
ఎడిటర్ ఫెల్డ్‌క్యాంప్ చుట్ట కొరికి
"అడుగున గుహ ఉందని చెప్పండి" అన్నాడు.
నీకోసం ఎన్ని గుహలు తవ్వామో!
ఆ సరస్సు ఈపాటికి జల్లెడ అయివుండాలి.

ఉరుముల దొరదేముంది, ఒకటే ముఖం.
దవడ, గడ్డం, గొడ్డలి, గాలికెగిరే దుప్పటి.
కళ్ళు మూసుకుని గీసేదాన్ని.
పొద్దంతా పట్టేది మీకే.
మంచుదొంగకి మా ఇంటి ఓనరమ్మ కనురెప్పలిచ్చాను,
అద్దె రోజున అవి ఎలా బరువెక్కేవో అలాగే.
ఊళ్ళ నీడలు మూటగట్టే ముసలిదానికి
ఎడమచేతికి మూడే వేళ్ళు,
కబేళాలో పనిచేసిన అమ్మకి మిగిలినన్ని.
పాఠకులెవరూ అడగలేదు.
అమ్మ మాత్రం చూసింది.
పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూసి
"గోళ్ళు బాగా కుదిరాయే అల్దోనా" అంది.

ఇక ఆ కమ్మరి.
వాడి పేరు తలుచుకుంటే ఇప్పటికీ
నాకెందుకో చెయ్యి ఆగుతుంది.
దొర గొడ్డలి కొట్టిచ్చింది వాడే.
ఏడో సంచికలో, ఒక మూలగడిలో, చిన్న అక్షరాల్లో ఉంది:
కూలి రేపిస్తానన్నాడు దొర.
ఆ రేపు కోసం వాడు ఎనిమిదేళ్ళు
కొండలు విసిరాడు, వంతెనలు విరిచాడు,
ప్రతిసారీ చివరి పేజీలో తన గొడ్డలి దెబ్బే తిన్నాడు.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
అట్ట మీద నా పేరు లేదు,
ఆ సంగతి ఇక్కడ ఎందుకొచ్చిందో తెలీదు.

నువ్వు మాత్రం కాగితం మీద పుట్టలేదు.
కౌనస్ అవతల పల్లెలో, మా బొబుతె ఇంట్లో
ఉరిమితే చాలు, పిల్లిని బయటికి గెంటేది.
పైవాడు తరుముతుంటే వాడు
రాయి కింద దూరతాడట, చెట్టు తొర్రలో దూరతాడట,
ఏదీ దొరక్కపోతే పిల్లిలో దూరతాడట.
ఇంట్లో పిల్లి ఉంటే పిడుగు ఇంటి మీదే.
వానలో నానుతూ అది గుమ్మం గీకేది.
నాకు ఆరేళ్ళు. చెవులు మూసుకునేదాన్ని,
ఉరుముకి కాదు.

పత్రిక మూసేస్తున్నామన్న రోజున
ఫెల్డ్‌క్యాంప్ అన్నాడు: అందర్నీ తుడిచెయ్యండి,
ఈసారి గుహలు వద్దు.
తుడిచాను. మంచుదొంగ కరిగింది.
ముసలిదాని మూట విప్పితే నీడలు ఇళ్ళకి పోయాయి.
కమ్మరి కొలిమి చల్లారింది, కూలి ఊసు లేదు.
నిన్ను బండ కింద నలిపెయ్యమని పెన్సిల్ గీత.
అలాగే నలిపాను,
కాకపోతే బండకీ నేలకీ మధ్య
ఒక వెంట్రుకంత నలుపు ఎక్కువ వేశాను.
అచ్చులో అది మరకలా పడింది.
డలూత్ కుర్రాడు చూశాడో లేదో.

నిన్న రాత్రి సరస్సు మీద పెద్ద ఉరుము.
మెట్ల మీద ఎవరిదో బూడిదరంగు పిల్లి,
వీపు తడిసి, చెవులు వెనక్కి.
తలుపు తీశాను.
నావంక కాసేపు చూసింది,
ఎన్నో సంచికల పరిచయం ఉన్నట్టు,
తర్వాత హడావిడేమీ లేకుండా
లోపలికొచ్చి
బల్ల కింద కూర్చుంది.