తలకట్టు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కిలోకింతని మిరపకాయల తొడిమలు తీసే సలోమమ్మ
అరవయ్యో ఏట పలక పట్టుకుని మా గడపెక్కింది.
నేను చదివి వినిపిస్తానంటే ఒప్పుకోలా.
"ఇన్నేళ్లూ పక్కోళ్ల నోటితోనే విన్నానమ్మాయ్ ఆయన్ని.
పాస్టరయ్య గొంతులో, మైకు గొంతులో, కోడలి గొంతులో.
ఆయన గొంతెట్టా ఉంటదో నేనే కనుక్కోవాల."

రాత్రి తొమ్మిదింటికి వచ్చేది.
ఆమెకంటే ముందు ఘాటు వచ్చేది.
తమ్ముడు తుమ్ముకుంటూ డాబా ఎక్కేవాడు.
మజ్జిగతో కడిగినా గోళ్ల సందుల్లో మంట పోదట.
అక్షరం మసకేసినప్పుడు
కళ్ల దాకా లేచిన చెయ్యి సగంలో గుర్తొచ్చి ఆగిపోయేది.
భుజంతో తుడుచుకునేది.

'అ'కి వారం పట్టింది.
'ఆ' ఒక్క పూటలో వచ్చేసింది.
'ఋ' చూసి, "ఇదేందమ్మా, జెర్రి పాకినట్టుంది" అని
పలక మోకాళ్ల మీద బోర్లేసి నవ్వింది.
'క'కి మాత్రం తలకట్టు ఎప్పుడూ పెట్టేది కాదు.
'త'కీ అంతే. 'న'కీ అంతే.
"తొడిమ తీసే చెయ్యి కదా,
పైన ఏదన్నా ఉంటే ఊరుకోదు."

మా ఇంట్లో దేవుడి గది ఉంది.
దీపం నా వంతు.
సీరియల్ మధ్య ప్రకటనలు అయ్యేలోపు
వెలిగించి వచ్చేస్తాను.

మార్చిలో యార్డు నిండా టిక్కీలు, రాత్రి డ్యూటీలు.
రాదనుకున్నాను.
పదిన్నరకి వచ్చింది, పదకొండింటికి వచ్చింది,
ఒకరోజు పలక ఒళ్లోనే పెట్టుకుని
గుమ్మానికి ఆనుకుని నిద్రపోయింది.
లేపలేదని మర్నాడు నామీద కోప్పడింది.

పద్నాలుగు నెలలకి
నల్ల అట్ట పుస్తకం ఆమే తెరిచింది.
వేలు ఎక్కడ పడితే అక్కడ.
పేజీ మీద ఎర్రటి మరక.
న... నే... నే, ను.
"నేను."

ఆగింది. మళ్లీ అంది. ఇంకాస్త నెమ్మదిగా.
"ఇది అంటుంది ఎవరు అమ్మాయ్?
ఆయనా? నేనా?"

పై వాక్యం చూస్తే తెలుస్తుంది.
కింది వాక్యం చూసినా తెలుస్తుంది.
నా ఎమ్మే చదువుకి అదెంత పని.
చెప్పలేకపోయాను.

ఆ రాత్రి ఇంకో మాట చదవలా ఆమె.
ఆ ఒక్కటే కొంగున ముడేసుకున్నట్టు లేచి వెళ్లింది.

ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించిన చెయ్యే కదా నాది,
దీపం ముందు మరిచిపోయి కళ్లు నలుపుకున్నాను.
ఎన్నిసార్లు కడిగినా
తెల్లారేదాకా మండుతూనే ఉన్నాయి.