చూసేవాడి చొక్కా

సంతలో పాతబట్టల మూటలు
కేజీల లెక్కన అమ్ముతాడు మస్తాన్‌వలి.
ఈసారి మూట విప్పితే బట్టలు రాలేదు,
మనిషి ఊడిపడ్డాడు.
తల లేదు. పాదాలు లేవు.
మిగిలినవన్నీ ఉన్నాయి.

భుజాలకి గట్టి చిప్పలు, మోచేతులకి బుడిపెలు,
మోకాలి కిందకి తాబేటి వీపులు రెండు,
దిండంత లావు చేతితొడుగులు.
"యుద్ధానికేమో" అన్నాడు మస్తాన్‌వలి.
"మోటారుసైకిలు పందేలకి" అంది ఎండుచేపల గంగాళమ్మ.
నూట అరవై అన్నాడు, నూట ఇరవైకి తెగింది.
చొక్కాలు రెండు కొసరు వేశాడు.
రెండూ వంకాయ రంగే,
రెండిటి వీపునా ముప్పై ఒకటే.

నర్సాపురంలో మిషను కుట్టుకునేదాన్ని నేను,
బట్టని లోపలివైపు నుంచి చదువుతాను.
ఇంటికొచ్చి తిరగేశాను.
మొదటి చొక్కాకి ఎడమ పక్కటెముకల దగ్గర
మూడు అతుకులు. మూడూ ఒక్క చేతివే.
దారం రంగు కలవలేదు,
తెల్లారేలోపు అయిపోవాలన్న తొందర కుట్టు.
వీడు ఎడమకి వాలి దెబ్బ తినేవాడు.
నాలుగోసారి కూడా చిరిగింది.
అది ఎవరూ కుట్టలేదు.
ఎందుకో నేనడగను.

రెండో చొక్కాకి దెబ్బల్లేవు, అరుగుడుంది.
దేనిమీదో ఆనుకుని ఆనుకుని
మోచేతుల దగ్గర పలచబడింది.
కుడిచేతి అంచు పంటితో కొరికి కొరికి
దారాలు తేలింది.
ఇది ఆడినవాడిది కాదు.
చూసినవాడిది.

మా చెల్లెలి కూతురు కెజియా ఫోనులో పట్టేసింది ఆ ఆటని.
గడ్డకట్టిన నీళ్ళ మీద కత్తుల చెప్పులు,
తాటిబెల్లం అచ్చంత నల్లబిళ్ళ కోసం
ఒకళ్ళనొకళ్ళు గోడకేసి కొట్టుకుంటున్నారు.
"ఐసు మీద ఆటేవిటే" అంది మా అత్త,
"ఐసంటే రొయ్యలకి గానీ."

ఐసంటే మా తమ్ముడు ఏసుపాదం కూడా.
రేవు దారిలో ఫ్యాక్టరీ.
రాత్రి రెండింటికి ఉప్పునీళ్ళ తొట్లలోంచి
నూటయాభై కేజీల దిమ్మలు పైకి లేస్తాయి.
కొక్కెం వేసి లాగాలి. జారిందా, కాలే.
కిందటేడు దైవాదీనానికి అలాగే పోయింది.
వీడు చేతులకి గోనెపట్టా చుట్టుకుంటాడు,
కాళ్ళకి దేవుడు.

తొడుగుల వేళ్ళు వీడికి పొడుగు,
ఒక్కో కణుపు మడిచి కుట్టాను.
కాలిచిప్పల పట్టీలు కుళ్ళిపోతే
సైకిలు ట్యూబు కోసి వేశాను.
భుజాలవి మాత్రం వద్దన్నాడు:
"మేనేజరు నవ్వుతాడక్కా."

మొదటి రాత్రి లోడింగోళ్ళంతా నవ్వారు.
మూడో రాత్రి ఒకడు పక్కకొచ్చి
"ఓ చెయ్యి నాకివ్వవా" అన్నాడట.
ఇప్పుడు ఎడమది వాడిది, కుడిది మావాడిది,
దిమ్మకి చెరోవైపు.
మూటలో తల లేదని చెప్పాను కదా,
తలకింకా పాత తువ్వాలే.

తడిసినప్పుడు ఆ తొడుగుల్లోంచి
ఎవరిదో పాత చెమట లేస్తుందట,
అమ్మోనియా వాసనని కూడా దాటి.
"వాడూ బాగా కష్టపడ్డాడక్కా."
"కష్టం కాదురా, ఆడుకున్నాడు."
అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.
"దెబ్బలు తగిలినయ్యి కదా" అన్నాడు.

రోహిణికార్తె. రాత్రి కూడా సెగే.
అయినా రెండో చొక్కా
చీర మీద తొడుక్కుని వెళ్ళాను, టీ ఫ్లాస్కుతో.
వీపు మీద అంకె చూసి కుక్కలు మొరిగాయి.
ఫ్యాక్టరీ ముందు ఇనప కటకటాలు.
ఆనుకున్నాను.
నా మోచేతులు సరిగ్గా
ఆ పలచబడిన చోటే ఆనాయి.

లోపల తెల్లటి పొగ, పసుపు దీపం.
దిమ్మ లేచింది, ఊగింది,
వాడి మోకాళ్ళ వైపే తిరిగింది.
నా కుడిచెయ్యి నోటి దగ్గరికి
ఎప్పుడెళ్ళిందో తెలీదు.

అంచు ఉప్పగా ఉంది.