కొసరు

కాపో బజారు వెనక సందులో
ఫోను ఎత్తి పట్టుకుంటే
పగుళ్ల గోడ మీద నీలం చుక్క వెలుగుతుంది.
చుక్కని తాకితే
గాస్పరే గొంతు లేస్తుంది.

పలెర్మో పటం నిండా ఇట్లాంటివి ముప్ఫైనాలుగు పెట్టాను:
ఉప్పు అమ్మేవాడి సాగదీత,
నత్తలమ్మే అక్కాచెల్లెళ్ల వంతులు,
శనగపిండి అప్పాలవాడి దగ్గు కూడా.
నగరపాలిక ఫారంలో "వారసత్వం ఏ రకం?" అంటే
"చేతికి అందనిది" అని రాశాను.

మైకు చూసి గాస్పరే మొదట నోరు విప్పలేదు.
"బల్ల మీద చేపేదే?
చేప లేకుండా కేకేస్తే అబద్ధమాడినట్టు, పిల్లా."
మూడు సోమవారాలు ఉత్తచేతుల్తో తిరిగొచ్చాను.
కత్తిచేప దిగిన గురువారం నాడు
దాని ముక్కు ఆకాశంలోకి నిలబెట్టి,
నడుం మీద చెయ్యేసుకుని,
అప్పుడు అరిచాడు.
తెర మీద గీత ఎగిరి, పడి,
మధ్యలో నాలుగు సెకన్లు చదునైపోయింది.

ఆ చదునుని కత్తిరించమంది సాఫ్ట్‌వేర్.
ఊపిరి కోసం ఆగాడేమో అనుకున్నాను నేనూ.
"అది నాది కాదు," అన్నాడు,
"కిటికీలు తీసుకునేవాళ్లది."
ఉంచేశాను, అర్థం కాకుండానే.

నవంబరులో గాస్పరే పోయాడు.

మొన్న, బ్యాటరీ ఎంత తింటోందో చూద్దామని
అతని చుక్కని నొక్కాను, స్పీకరు పెంచి.
కేక.
ఆ నాలుగు సెకన్లు.
మూడో అంతస్తులో తలుపు కిర్రుమంది.
తాడు కట్టిన బుట్ట ఒకటి
ఆరేసిన దుప్పట్లని తప్పించుకుంటూ దిగి
నా మోకాళ్ల దగ్గర ఆగింది.
లోపల మడతపెట్టిన ఐదు యూరోల నోటు.
"సార్డీన్లు అరకిలో. తలలు తీసెయ్.
కొసరు మర్చిపోకు."

పైకి చూసి ఏం చెప్పను?
ఫోను జేబులో కుక్కుకుని పరిగెత్తాను.
అతని మేనల్లుడి బల్ల దగ్గర తూయించి,
సిగ్గు విడిచి బేరమాడి,
రెండు చేపలు కొసరు వేయించుకుని,
బుట్టలో పెట్టి తాడు లాగాను.

బుట్ట పైకెళ్లింది. చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత క్రొచిఫిస్సా అవ్వ గొంతు:
"వాణ్ని సాగనంపడానికి నేనూ వెళ్లాను, తెలుసులే.
కానీ పిలిచావు కదా."

ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా
చేతుల వాసన పోలేదు.