షువైఖ్‌లో మంచుబండి

కంటైనర్ తలుపు తీస్తే
ముందు ఒక వాసన దిగింది,
తడిసి ఆరిన గొంగడి వాసన.
తర్వాతే బండి.
ముందు రెండు ఇనప పాదుకలు, వెనక రబ్బరు పట్టా,
మధ్యలో పసుపో నారింజో తేలని ముక్కు.

"ఇదేందో చెప్పు ఓబులేసూ" అన్నాడు అర్బాబ్ మిషారీ.
కొన్న కాగితం మీద ఒక పేరుందట,
ఆ పేరు మీద ఆయనకు అనుమానం.
నాకు అన్ని బండ్ల మీదా అనుమానమే.
జీతం దానికే.

మా కోడూరు పక్క మంచంటే
మార్గశిరంలో అరటాకు మీద కూచుని
ఎండ పొడిస్తే లేచిపోయేది.
చీమ కూడా జారదు దాని మీద.
బండి యాడ జారుతుంది?
రెండిటికీ ఒకటే మాట పెట్టుకున్నాం, ఏం చేస్తాం.

నంబరు రేకు అరిగి గుండైపోయింది.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
సిగరెట్ పెట్టె లోపలి కాగితం పరిచి
పెన్సిల్ అడ్డంగా రుద్దితే
మూడు, సున్నా, విరిగిన ఏడు.
గోకితే నారింజ కింద పసుపు,
పసుపు కింద ఆకుపచ్చ. అది కంపెనీ వేసిందే.
పట్టా కింద చిన్న చక్రాలు లెక్కపెట్టాను.
బొమ్మల్లో అన్నిటికీ పన్నెండు,
దీనికి తొమ్మిది.
రాలిపోయినవి కావు, బోల్టుకు బెజ్జాలే పెట్టలేదు.
గుల్ జమాన్ తన పష్తోలో మళ్లీ లెక్కపెట్టాడు.
తొమ్మిదే.

ఒక్క చలికాలం చేసి మానేశారని
మిషారీకి ఫోన్లో ఎవరో ముసలాయన చెప్పాడు.
తొమ్మిది చక్రాలైతే మెత్తటి మంచులో దిగబడుతుందట.
అంటే ఎవడో చేసిన తప్పు ఇది.
తప్పుకు యాభై ఏళ్లు నిండితే
అరుదు అంటారు, ధర పలుకుతుంది.

తుప్పుల్లో నాకు తెలియనిది లేదనుకున్నా.
సముద్రపు తుప్పు పొక్కులు లేస్తుంది,
ఏసీ నీళ్లది చారలు దిగుతుంది.
ఇది మాత్రం పొరలు పొరలుగా,
ఎవరో తీరిగ్గా కూచుని తిన్నట్టు.
పిస్టన్ రింగులు లేతు మీద తిప్పించాం.
బెల్టు కోసం మూడు నెలలు చూశాం.
దాని మూత లోపల ఎలుక గూడు,
ఎర్ర ఉన్ని పోగులు, సూదుల్లాంటి ఎండుటాకులు.
గుల్ జమాన్ నలిపి వాసన చూసి
మా చిల్గోజా చెట్టు చుట్టం ఇది, అన్నాడు.
మీ కొండల్లో మంచు కూడానా?
మోకాటి దాకా, అన్నాడు.
తొమ్మిదేళ్లుగా ఒకే పళ్లెం మీద రొట్టె తుంచుకున్నాం.
అడగనే లేదు నేను.

ఎట్లుంటాది?
పడేటప్పుడు చప్పుడుండదు.
నడిస్తే ఉంటుంది, ఉప్పుబస్తా తొక్కినట్టు.

ఆగస్టు. రాత్రి రెండు. నలభై ఒక్క డిగ్రీలు.
చేపల మార్కెట్ నుంచి రుహుల్ పికప్‌లో
నలిగిన ఐసు తెచ్చి షెడ్డు ముందు కుమ్మరించాడు.
పారలతో పరిచాం,
మంచమంత వెడల్పు, మూడు మంచాల పొడుగు.
తాడు లాగితే మూడోసారి దగ్గింది,
ఏడోసారి అంటుకుంది.
నీలం పొగ. పక్క షెడ్డు వాళ్ల తిట్లు.
నువ్వే ఎక్కు, అన్నాను గుల్ జమాన్‌ని.

పదకొండు అడుగులు నడిచింది.
ఇంజను ఆపాడు, దిగలేదు.
కిందున్నది నీళ్లై కాలవ పడుతుంటే
"ఇట్లా ఉండదు" అన్నాడు.
కాసేపాగి, "ఇట్లాగే" అన్నాడు.
ఏది నిజమని అడగబుద్ధి కాలేదు.

వచ్చే వారం అది దివానియాలో
తివాచీ మీద నిలబడుతుంది,
ఆకుపచ్చగా, ఎవరూ తాడు లాగకుండా.
ఇప్పటికి మాత్రం
ఫజ్ర్ బాంగుకు ముందే, చేపల వాసనకు
మూడు పిల్లులొచ్చి
తడి సిమెంటు మీద దాని పట్టా అచ్చుల్ని
ఒక్కొక్కటే నాకుతూ
గేటు దాకా పోయినాయి.