రెండు పెట్టెలకు మించి ఇవ్వరు

సండర్‌లాండ్‌లో పొద్దున ఆరింటికి
నాకంటే ముందు నా బొటనవేళ్లు లేస్తాయి.
కెటిల్ మీటకి మోచెయ్యి,
పాల సీసా మూతకి పళ్లు,
మాత్రల అట్టకి కత్తెర మొన.
ఆ వెండి రేకుని గోటితో చీల్చిన రోజులు
నాకు గుర్తున్నాయి గానీ
నా గోటికి గుర్తులేవు.

ముందు రెండు ముద్దలు పెరుగన్నం.
ఉత్త కడుపున వేసుకుంటే
నొప్పి వేళ్లు వదిలి కడుపులో దూరుతుందని
పోయిన చలికాలం తెలిసొచ్చింది.
గులాబీ బిళ్ల, పైన చక్కెర పూత,
నాలుక మీద ఒక్క క్షణం
చిన్నప్పటి జీరా మిఠాయిలా మోసం చేస్తుంది.
తర్వాత నలభై నిమిషాలు
చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూచుంటాను,
బస్సు రాలేదని అలిగిన పిల్లల్ని
కూచోబెట్టుకున్నట్టు.

కొట్టులో డబ్బులు తీసుకునే యంత్రం
మూడో పెట్టె దగ్గర ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది.
రెండిటికి మించి ఇవ్వరట.
నేనేం చేసుకుంటానో అని దాని భయం.
నేను కాజాలు తియ్యాలి తల్లీ, అంతే.

మందుల కౌంటర్లో ఇఫియోమా అనే అమ్మాయి అడిగింది,
నొప్పి పదిలో ఎంత అని.
ఏ నొప్పి?
సలుపు ఉంది, పోటు ఉంది,
వానకి ముందు వచ్చే గుంజుడు వేరు,
సూది దిగేటప్పుడు జివ్వుమనేది వేరు.
ఇంకొకటుంది, తీపు.
మా భాషలో బెల్లానికీ నొప్పికీ అదే మాట అంటే
ఈ పిల్ల కంప్యూటర్లో ఏమని రాసుకుంటుంది?
"ఆరు" అన్నాను.
ఎన్నాళ్లుగా వాడుతున్నారంది.
పెట్టె మీద పది రోజులే అని ఉంది.
పదకొండేళ్లు అన్నది నోటిదాకా వచ్చి
"అప్పుడప్పుడూ" అయిపోయింది.
ఆమె నా మొహం వదిలేసి వేళ్లు చూసింది,
చెరకు గడకున్నట్టు కణుపులు.
కడుపు అంది, కిడ్నీలు అంది,
డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తం చూపించుకోమంది.
పూతమందు ట్యూబొకటి ఇచ్చి
ఇది రాస్తే ఆ బిళ్ల మానాలంది.
దాని మూతకి మళ్లీ పళ్లే.

ఆ రోజు మొదటిసారి పెట్టెలోని కాగితం విప్పాను.
జానెడు జానెడుగా బల్లంతా పరుచుకుంది.
ముప్పై ఏళ్లు బట్టలు మడిచినదాన్ని,
దాన్ని మళ్లీ అవే మడతల్లో పెట్టలేకపోయాను.

మధ్యాహ్నం డోరీన్ వచ్చింది, నీలం కోటు చంకలో పెట్టుకుని.
బిస్కెట్ ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించిన చేతులు,
ఇప్పుడు గుండీలు పెట్టుకోలేవు.
"జిప్పు మాత్రం వద్దు,
చర్చిలో అందరూ చూస్తారు" అంది.
గుండెలో యంత్రం ఏదైనా ఉందా అని అడిగి
లేదన్నాకే పని మొదలుపెట్టాను.
కాజాలు మూసి కుట్టాను,
వాటి మీదే పాత గుండీలు కుట్టాను,
లైనింగు కింద దొంగల్లా అయస్కాంతాలు.
ఆరు గుండీలకి రెండు రోజులు పట్టింది,
ఎన్ని బిళ్లలో చెప్పను.

తొడుక్కుని అంచులు దగ్గరికి తెచ్చిందో లేదో
టక్. టక్. టక్.
విప్పింది. మళ్లీ వేసింది.
లైటు స్విచ్చు దొరికిన పసిపిల్లలా.
డబ్బులివ్వడం మర్చిపోయి వెళ్లి, వీధి చివరినుంచి తిరిగొచ్చి
ఇచ్చి, ఇంకోసారి టక్కుమనిపించి వెళ్లింది.

పది జతల్లో నాలుగు మిగిలాయి.

నాలుగేళ్లుగా చీర కట్టకపోవడానికి
ఈ ఊరి చలిని తిడుతూ వచ్చాను,
మా ఆయన దగ్గర, పండగలకి పిలిచినవాళ్ల దగ్గర,
బీరువా అద్దం దగ్గర కూడా.
చలి కాదు.
రవికకి ముందు ఐదు హుక్కులు.
మూడోదాని దగ్గర చెయ్యి మొరాయిస్తే
పక్కగదిలో ఉన్న మనిషిని పిలవలేక
విప్పేసి స్వెట్టరు వేసుకున్నాను.

రాత్రి ఆకుపచ్చ రవిక బయటికి తీశాను.
నాలుగున్నాయి, ఐదు కావాలి.
ఇంకో ప్యాకెట్టు కొనొచ్చు,
వీటికి ఏ యంత్రమూ అడ్డం పడదు.

వద్దులే.
పైదొక్కటీ హుక్కుగానే ఉంచుతాను.
అది పెట్టడానికి పిలుస్తాను.