పసుపు కింద

ఇసమాల్‌లో ఈ ఏడు కూడా గోడలకి పసుపు రంగు కొడుతున్నారు.
నిచ్చెన మీద ఎలెవుతేరియో కానుల్,
మోచేతుల దాకా ఎండిన సున్నం.
"జనం మఠాన్ని చూడ్డానికొస్తారు, నన్నెవడు చూస్తాడు"
అంటూనే కుంచె విదిలిస్తాడు
కింద ఆగిన గుర్రబ్బండి మీద పడేట్టు.

కమానుల వరస దాటాక, మోకాలెత్తున,
మెలికల చెక్కడమున్న రాయి ఒకటి.
గుడి మెట్టుగా పుట్టింది.
గుడిని కూల్పించినవాళ్లే
తెప్పించి ఈ గోడలో పెట్టించారు.
మోసింది మాత్రం వీళ్ల ముత్తాతలు.

నాయనమ్మ ఫెలీసితాస్ ఆ రాయి దగ్గర ఆగి
మాయా భాషలో రెండు ముక్కలు గొణిగేది,
ఆనక లోపలికెళ్లి సిలువ ముందు మోకరిల్లేది.
రెంటిలో ఏది మొక్కు, ఏది మర్యాద అని
ఆమెనడగాలని ఎవరికీ తోచలేదు.

"అక్కడ వదిలేశావేం?" మేస్త్రీ కేక.
వదల్లేదు. మూడు పూతలేశాడు.
గాడి తాగేస్తోంది.

పొద్దు వాలేవేళకి వీధంతా పసుపే,
రొట్టెల కొట్టు, తపాలా ఆఫీసు,
అరుగు మీద పడుకున్న కుక్క వీపు.
గోళ్ల సందుల్లో రంగు కడుక్కోకుండానే
ఎలెవుతేరియో
మొక్కజొన్న రొట్టె తుంచాడు.